ఎటు దిక్కో చెప్పమన్న మనిషి

ఇది రాసిపెట్టక తప్పదని బోధన్ బస్టాండు ముందు నిలబడ్డప్పుడు అనిపించింది. మా కంప్యూటర్ సెంటరు సారు పోయాడని అక్కడ ఆయన ఫ్లెక్సీ కట్టారు. నిలువెత్తు ఫోటో, మెడలో దండ, కింద మూడు మాటలు. పల్లె యువతకు కంప్యూటరు విద్య తెచ్చిన దార్శనికుడు. ఇంగ్లీషు ఆటను తెలుగులో పెట్టిన తొలి అనువాదకుడు. ఆటతోనే నీతి నేర్పిన గురువు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండోది అబద్ధం. ఆ అనువాదం నాది. మూడో మాట సంగతి చివరికి వస్తుంది.

ఆయన శిష్యులు కొందరు స్మారక సంచిక వేస్తున్నారు. నన్నూ ఒక పేజీ అడిగారు. నాలుగు పేజీలు రాసిచ్చాను. మర్నాడే వాపసు తెచ్చారు.

"గిదేందన్నా, సచ్చిపోయిన మనిషి మీద గిట్ల రాస్తరా?"

"బతికున్నప్పుడు రాయమని ఎవ్వలు అడగలే గదా," అన్నాను.

"జర మంచిగ రాసియ్యి. ఒక్క పేజే. ఆయన నీకు కొలువిచ్చిండు గద."

ఇచ్చాడు. ఎలా ఇచ్చాడో చెప్పడానికే ఈ కాగితాలు. సంచికలో రాకపోతే పోయింది, నాకు జిరాక్స్ దుకాణం ఉంది. కావాల్సినవాళ్లు వచ్చి తీసుకోవచ్చు. నేను పెద్ద చదువులు చదవలేదు. ఇంటర్ తప్పి, నిజామాబాద్ జిల్లా గ్రంథాలయంలో కూర్చొని చదువుకున్నవాణ్ణి. పాత శాసనాల గురించి అక్కడ చదివిన పుస్తకాల్లో ఒక సంగతి నాకు బాగా నచ్చింది. రాజు ఎంత గొప్పవాడైనా, కొన్ని శాసనాల చివర రాయి చెక్కినవాడి పేరు కూడా ఉంటుంది. ఆపాటి మర్యాద ఆయన నాకు చేయలేదు. నేనూ ఆయన పేరు రాయడం లేదు. అది ఫ్లెక్సీ మీద చాలినంత పెద్దగా ఉంది.

ఆయన కంప్యూటర్ సెంటరు నిజామాబాదులో, బస్టాండు వెనక సందులో, బీడీ ఆకు గోదాము మీది అంతస్తులో ఉండేది. మెట్లెక్కుతుంటేనే ఆకు వాసన. మా అమ్మ బీడీలు చుట్టేది గనక నాకు అది ఇంటి వాసన. ఆయనకు పడేది కాదు. ఎప్పుడూ ఒక లవంగం బుగ్గన పెట్టుకునేవాడు. అందువల్ల ఆయన వెనక నిలబడ్డాడని చూడకుండానే తెలిసేది. ముందు మెడ మీద లవంగం వాసన తగిలేది, తర్వాత భుజం మీద తాళంచెవి.

తాళంచెవుల గుత్తి ఆయన చేతిలో ఆరో వేలులా ఉండేది. బడిలో బెత్తం ఎలాగో అక్కడ అది అలా. తప్పు మీట నొక్కితే మానిటరు నెత్తిన టక్కుమని కొట్టేవాడు. ఆలస్యం చేస్తే భుజం మీద. ఆయన కూర్చోగా నేను చూడలేదు. నాలుగు కంప్యూటర్లకు నాలుగు కుర్చీలు, ఆయనకు కుర్చీ లేదు. పొద్దంతా నిలబడి ఒకరి వెనక నుంచి ఇంకొకరి వెనకకు తిరిగేవాడు. చాయ్ కూడా నిలబడే, సాసర్లో పోసుకొని, మన తెర వంక చూస్తూ తాగేవాడు. ఎవరినీ తాగుతావా అని అడిగినట్టు గుర్తులేదు.

సెంటర్లో పగలు టైపింగు, డీటీపీ నేర్పేవారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఆట. ఇరవయ్యో శతాబ్దం అయిపోవస్తున్న రోజులు. హైదరాబాదు నుంచి ఆయన తెచ్చిన ఒక సీడీలో ఉండేది ఆ ఆట. దాని అసలు పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు, గ్రహం ఆట అనేవాళ్లం. ఎక్కడో దూరాన ఎర్రమట్టి గ్రహం. నీళ్లు తక్కువ. దాని మీద మూడు పక్షాలు. గనులు తవ్వేవాళ్లు మొదటి పక్షం, పనిచేసినవాడికే నీళ్లు అనేది వాళ్ల న్యాయం. గుడారాల్లో బతికే వలసజనం రెండోది. ఉన్నది అందరూ పంచుకుంటారు, కానీ కొత్తగా వచ్చినవాళ్లను చూస్తే భయం. మూడోది ఆలోచన వచ్చిన యంత్రాలు. వాటికి నీళ్లతో పనిలేదు, మనుషులు వెళ్లిపోతే చాలు. అయితే ఒప్పందం చేసుకుంటే మాత్రం ఎన్నడూ తప్పవు. గనోళ్లు, గుడారపోళ్లు, ఇనుపోళ్లు అని నేను పెట్టిన పేర్లే అందరి నోళ్లలో తిరిగాయి.

ఆట నిండా ఇంగ్లీషే. ప్రతి మజిలీకి ముందు రెండు పేజీల కథ, మధ్యలో ఆగి అడిగే ప్రశ్నలు. అవి అర్థం కాక అందరూ తుపాకులే పేల్చేవాళ్లు. నేను కింద జిరాక్స్ దుకాణంలో పనిచేసేవాణ్ణి. సాయంత్రాలు గ్రంథాలయంలో నిఘంటువు ముందేసుకొని ఒక్కో మజిలీని తెలుగులో రాశాను. మూడు నోటుబుక్కులు, ఎనిమిది నెలలు. గురుత్వాకర్షణ దగ్గర ఒక వారం ఆగిపోయాను, భౌతికశాస్త్రం పుస్తకాలున్న అర మొత్తం చదివాకగానీ ఆ పేజీ కదల్లేదు. ఆ నోటుబుక్కులు ఆయనకు చూపించిన రోజు నాకు గర్వంగా ఉంది. ఆయన నిలబడే తిరగేశాడు. వారం తర్వాత నీలం అట్టతో ప్రతులు వచ్చాయి. అట్ట మీద సెంటరు పేరు. దాని కింద, అనువాదం అని రాసి, ఆయన పేరు.

"సార్, నా పేరు?"

"నీ పేరు ఎవ్వనికెర్క లైబ్రరీ? నీ పేరేస్తే ఎవడు సదువుతడు?"

అప్పటి నుంచీ నన్ను లైబ్రరీ అనే పిలిచాడు. నా అసలు పేరు ఆయన నోట నేను వినలేదు.

ఇక ఆయన పద్ధతి. ఐదో మజిలీలో ఇసుక తుఫాను వస్తుంది. తుఫానులో ఇల్లూవాకిలీ పోయిన మూడు వందల మంది, పరాయి పక్షంవాళ్లు, నీ ఊరి గేటు ముందుకొస్తారు. నీ ట్యాంకులో నీవాళ్లకు పది రోజుల నీళ్లే ఉంటాయి. ఆట ఆగిపోతుంది, గేటు తీస్తావా తియ్యవా అని అడుగుతుంది. వేరే ఊళ్లలో ఆడేవాళ్లు ఇక్కడ ఆటను దాచుకొని, ఒకసారి తీసి, ఒకసారి మూసి, ఏది లాభమో చూసుకుంటారట. మా దగ్గర అది కుదరదు. దాచిన ఫైళ్లు ఆయన ప్రతి పొద్దున చెరిపేసేవాడు. గేటు ప్రశ్న రాగానే లవంగం వాసన వచ్చేది, భుజం మీద తాళంచెవి తగిలేది.

"ఎటు? బోల్."

మీట నొక్కితే సరిపోదు. నోటితో చెప్పాలి, నలుగురూ వినాలి. మూస్తున్నా సార్ అని ఒకడంటే, "మూడు వందల మందిని సంపుతున్న అను," అనేవాడు. తీస్తున్నా అంటే, "మనోళ్లను ఎండవెడుతున్న అను." ఏది చెప్పినా గుండెలో ముల్లు దింపేవాడు. నీతి అంటే అదేననుకుంటే మీ ఇష్టం. మనుషులు నీళ్లు నమలడం చూస్తే ఆయన కళ్లు మెరిసేవి, నేను చూశాను.

డీటీపీ నేర్చుకునే రజియా ఒక్కతే ఆయనకు బెదరలేదు. ఒకరోజు గేటు తీసింది, పదకొండో రోజుకు ఆమె ఊరు ఎండిపోయింది. పాత ఫైలు అడిగింది.

"ఎత్తేసిన. నిజంగ ఊళ్లె గిట్లయితే ఎనక్కి పోతవా?" అన్నాడు.

"నిజంగ ఊళ్లె అయితే తలుపు తీసేముందు మా అమ్మీని అడుగుత సార్. ఈడ ఆమెను రానియ్యరు గద."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. వారం రోజులు ఆమెకు అక్షరాలు సగం చెరిగిన కీబోర్డు ఇచ్చాడు.

నేను ఒకసారి వాదనకు దిగాను. చదివినవాణ్ణి కదా.

"సార్, దీంట్ల ఫలానా పక్షమే మంచిదని లేదు. ముగ్గురికీ ఒక న్యాయం ఉన్నది. ఆట చేసినోళ్లే రాసిండ్రు."

"రాసినోళ్ల సంగతి ఇడిసిపెట్టు. నువ్వెటు?"

"ఆలోచించాలె సార్."

"ఆలోచించేటోళ్లకు లైబ్రరీ ఉన్నది. ఈడ కుర్చీ ఖాళీ జెయ్."

మరి మీరెటు సార్ అని వెనక నుంచి ఒకరు అడిగారు. "నేనా? ఇనుపోళ్ల దిక్కు. అవి మాట తప్పయి," అన్నాడు. ఆయన ఆట ఆడగా ఎవరూ చూడలేదు. ఆడని మనిషి ఏ పక్షమైనా చెప్పుకోవచ్చు.

అలా అడిగినవాడు దేవదానం. రెంజల్ దగ్గరి ఊరు. మెథడిస్టు క్రైస్తవ కుటుంబం, వాళ్ల నాయన చెరుకు నరికే కూలీల మేస్త్రీ. రోజూ బోధన్ మీదుగా బస్సులో వచ్చేవాడు. నాకంటే ఏడాది చిన్న, అన్నా అనేవాడు. చెరుకు కాలంలో నాలుగు గడలు ముక్కలు చేసి, సంచిలో వేసుకొని తెచ్చి, ఆ మెట్ల మీద కూర్చోబెట్టి తినిపించేవాడు. ఎప్పుడూ గుడారపోళ్ల పక్షమే. ఎవరి ఊళ్లో నీళ్లు తగ్గినా బండ్లు పంపేవాడు, అవతలివాడు అడగకపోయినా. అందుకే ఎక్కువసార్లు ఓడేవాడు.

"ఏందిరా, మొన్న నీ మీదికొచ్చినోనికి గూడ పంపితివి?" అని అడిగాను.

"నీళ్లొడిస్తే ఇయ్యాలె గదన్నా, ఆటైతేంది. ఓడిపోతే మళ్ల పెట్టుకుంటం."

ఆ ఎండాకాలం ఆయన బోధన్‌లో బ్రాంచి పెడుతున్నానన్నాడు. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. పని వచ్చినవాళ్లం ఇద్దరమే, నేనూ దేవదానమూ. నాకు ఆ కొలువు రాకపోతే కింద జిరాక్స్ దుకాణం ఉంది. వాడికి రాకపోతే మస్కట్. వాడి పాస్‌పోర్టు అప్పటికే ఏజెంటు దగ్గర ఉంది. "కొలువొస్తే పాస్‌పోర్టు వాపసు తెచ్చుకుంట అన్నా, నాకు ఎడారి వద్దు," అని మెట్ల మీద చెరుకు తింటూ నాతోనే అన్నాడు. కనుక నాకు తెలియదని ఎవరూ అనుకోవద్దు. తెలుసు. ఆట ఆడిన రోజు కూడా తెలుసు.

పరీక్ష పెడతారనుకున్నాం. టైపింగు స్పీడో, మార్కుల కాగితమో చూస్తారనుకున్నాం. ఆయన ఆట పెట్టాడు.

"మార్కులు నాకెందుకు? ఎవడెసొంటోడో సూడాలె," అన్నాడు.

మా ఊళ్లో ఆటకు గడియారం కరెంటే. రోజూ రెండింటికి కోత. కరెంటు పోగానే యూపీఎస్ కీక్ కీక్ అని అరవడం మొదలుపెట్టేది, ఎనిమిది నిమిషాలకు అన్నీ ఆరిపోయేవి. ఆరిపోయే క్షణానికి ఎవరి ఇళ్లు ఎక్కువ నిలబడి ఉంటే వాళ్లే గెలిచినట్టు. అందువల్ల మా సెంటరులో స్నేహాలన్నీ ఆ ఎనిమిది నిమిషాల్లోనే తెగేవి. దేవదానం ఒక్కడే ఆ ఎనిమిది నిమిషాల్లో ఎవరినీ కొట్టేవాడు కాదు.

నేను ముందు గదిలో. వాడు ప్లైవుడ్ గోడ అవతల, వెనక గదిలో. ఇద్దరం ఒప్పందంలో ఉన్నాం, మాకు ఎదురు ఇనుపోళ్లు, వాళ్లను కంప్యూటరే ఆడిస్తుంది. మాటలు బంద్ అన్నాడాయన. ఏం చెప్పుకోవాలన్నా ఆటలోనే చెప్పుకోవాలి. నేను గనోళ్ల పక్షం. ఒకటిన్నరకల్లా ఇనుపోళ్లు నా నీళ్ల పైపు తెంపేశారు. ట్యాంకు గుర్తు ఎర్రబడింది. ఇళ్లు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి. దేవదానానికి నాకంటే రెండు ఇళ్లు ఎక్కువ ఉన్నట్టు తెర మూలన కనబడుతోంది. ఇలాగే తెరలు ఆరిపోతే బోధన్ వాడిది, మస్కట్ ఎవరికీ లేదు. అలా అయితే బాగుండునని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. రాసేటప్పుడు అనుకున్నట్టు రాయాలనిపించింది, రాయలేదు.

ఆయన నా వెనక కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత వెనక గదిలోకి పోయాడు. అవతల గొంతు వినబడింది, మాటలు వినబడలేదు. నా మీద వాడికి ఏదో ఎక్కిస్తున్నాడనుకున్నాను. ఇవాల్టికి తొమ్మిదేళ్లు, అదే నమ్ముతూ వచ్చాను. మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. లవంగం. భుజం మీద తాళంచెవి.

"వాడు బండ్లు గట్టిండు. నీ దిక్కే వస్తున్నయ్."

ఆయన అన్నది ఇంతే. దేవదానం నిన్ను కొడుతున్నాడని ఆయన చెప్పాడని చాయ్ హోటళ్లలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు కాగితం మీద పెట్టడానికి ఆ గొంతు మళ్లీ మళ్లీ చెవిలో వినిపించుకున్నాను. కొడుతున్నాడన్న మాట అందులో లేదు.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, యూపీఎస్ మొదలుపెట్టింది. తెర అంచున దేవదానం బండ్లు కనబడ్డాయి. పన్నెండు. నా మూడో నోటుబుక్కులో నలభై ఏడో పేజీ ఉంది. నీళ్ల బండ్లలో సైనికులను దాచి ఎదుటి ఊళ్లోకి పంపవచ్చు అని నా చేత్తో రాసి ఎర్ర సిరాతో గీత గీసిన పేజీ. ఆ కిటుకు ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకున్నవాణ్ణి మొత్తం నిజామాబాదులో నేనొక్కణ్ణే. అప్పుడు నా కళ్ల ముందు బండ్లు లేవు, ఆ పేజీ ఉంది. బండిలో ఏముందో చూడాలంటే గేటు దాకా రానివ్వాలి. వస్తే, సైనికులే అయితే, నా ఊరు పోతుంది.

"ఎటు? బోల్."

"కొట్టుడే," అన్నాను. పెద్దగానే అన్నాను. ప్లైవుడ్ అవతలికి వినబడింది.

ఒప్పందం తెంచే మీట నొక్కాను. గుట్ట మీది ఫిరంగులు తిప్పాను. మొదటి బండి పగిలినప్పుడు సైనికులు బయటికి రాలేదు. ఎర్ర నేల మీద నీలం పరుచుకుంది. రెండోది, మూడోది. నేను ఆపలేదు. ఆపితే ఏం లాభం, ఒప్పందం పోయింది కదా. బండ్లు పంపడానికి వాడు తెరిచిన గేటు ఇంకా తెరిచే ఉంది. ఆ గేటులోంచి వాడి ఆరు ఇళ్లు కూల్చాను. వాడు తిరిగి ఒక్క గుండు కూడా వేయలేదు. తెర ఆరిపోయే ముందు నేను చూసిన చివరి బొమ్మ ఆ నీలం మరక, దాని అవతల వాడి గేటు.

చీకటి గదిలోంచి దేవదానం బయటికి వచ్చాడు.

"అన్నా, గవి నీళ్లు."

"నాకేమెర్క?"

"గేటు దాక రానిస్తే ఎర్కయితుండె."

చెప్పులు చేతిలో పట్టుకున్నాడు, తొడుక్కోలేదు. ఆయన గుత్తిలోంచి రెండు తాళంచెవులు విడదీస్తున్నాడు.

"బోధన్ లైబ్రరీకి," అన్నాడు. ఆ తర్వాత, చాయ్ గురించో వాన గురించో మాట్లాడుతున్నట్టు, "బ్రాంచి నడపాలంటే గిసొంటోడే కావాలె. దేవదానం మంచోడు. మంచోని చేతుల తాళాలు వెడితే ఎవ్వలొచ్చినా తలుపు తీస్తడు."

ఒక మనిషి ఎదుటే ఇంకో మనిషి గురించి ఇలా అనవచ్చునా. ఒక్క మాటతో ఇద్దరినీ తిట్టాడు. వాణ్ణి మంచివాడని తిట్టాడు, నన్ను మెచ్చుకొని తిట్టాడు. నేను చెయ్యి చాపాను. తాళంచెవులు నా చేతిలో పడేసరికి దేవదానం మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది. నెల తిరక్కుండానే మస్కట్ పోయాడు.

నాలుగేళ్లు బోధన్ బ్రాంచి నడిపాను. చెరుకు ఆడే నెలల్లో ఊరంతా మొలాసిస్ వాసన, రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు. ఎడ్లు ఆగి, బండి వెనక బండి నిలబడితే నేను బజారుకు వేరే దారిన పోయేవాణ్ణి. ఆయన శనివారం శనివారం వచ్చేవాడు. నేను కూర్చుంటే నా వెనక నిలబడేవాడు.

"ఏం లైబ్రరీ, నిద్ర పడుతుందా?" అని అడిగేవాడు. పడుతుందనేవాణ్ణి. "పట్టాలె. గెలిచినోనికి పట్టాలె." అదొక్కటే ఆయన వేళాకోళం, నాలుగేళ్లూ అదే.

ఒకరోజు ఒకామె ఆటలో ఓడిపోయి దాచిన ఫైలు అడిగింది. ఎత్తేసిన అన్నాను. నిజంగానే ఎత్తేశాను. అలా అంటున్నప్పుడు నేను ఆమె వెనక నిలబడి ఉన్నాననీ, నా చేతిలో తాళంచెవి ఉందనీ గమనించాను. ఆ శనివారం ఆయన రాగానే రెండు తాళంచెవులూ బల్ల మీద పెట్టాను.

"దేనికి?"

"నాతోని కాదు సార్."

"దేవదానం కొలువు దేవదానానికి ఇచ్చేస్తవా? మస్కట్‌కు ఉత్తరం రాసినవా మరి?"

రాయలేదు. ఆ సంగతి ఆయనకు ఎలా తెలుసో తెలియదు, మనుషుల్లో ఎక్కడ మెత్తగా ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు. పోయాడని తెలిసినప్పుడు దుకాణం మూయలేదు. దండ వేయలేదు.

ఇక ఈ కాగితాలకు తోడ్పడ్డవాళ్ల పేర్లు చెప్పాలి.

గ్రంథాలయంలో లక్ష్మీనర్సయ్య సార్‌కు దండాలు. ఆయన లెక్క ప్రకారం ఆ నిఘంటువు బయటికి పోకూడదు. నేను చేతులు కడుక్కొని వస్తున్నానని చూసి, సెలవు రోజుల్లో నా సంచిలో ఆయనే పెట్టేవారు.

రజియాకు. నా మూడు నోటుబుక్కుల్లో మొదటిదానికి నీలం అట్ట పడకముందే ఒక జిరాక్సు తీసి దాచుకుంది. "ఆ అట్ట మీది పేరు సూసినప్పుడే అనుకున్న భయ్యా, ఒకనాడు పని పడతదని," అంది. అనువాదం ఎవరిదో తేల్చుకోవాలన్నవాళ్లు ఆ చేతిరాత వచ్చి చూడవచ్చు.

ఫ్లెక్సీలు వేసే శ్రీనివాస్‌కు. తొలి అనువాదకుడన్న ఆ రెండో మాట తీసెయ్యమంటే, "నేను అచ్చేసేటోన్ని అన్నా, రాసేటోన్ని కాదు," అన్నాడు. కానీ మర్నాడు ఆ మాట మీద ఎవరో చాయ్ హోటల్ ప్రకటన కాగితం అంటించారు. ఎవరని నేను అడగలేదు.

ఫ్లెక్సీ మీది ఆయన భార్య విమలమ్మకు. నేను ఏం రాస్తున్నానో తెలిసీ తలుపు తీసింది, కూర్చోమంది, చాయ్ ఇచ్చింది. "నీ మీద ఆయనకు కోపం లేకుండె బిడ్డా," అంది. నాకుంది అమ్మా అన్నాను. ఉండనీ అంది.

దేవదానం అక్క మార్తక్కకు. బోధన్‌లోనే ఉంటుంది. తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడల్లా నా దుకాణం ముందు నుంచే ఆమె ఇంటికి పోతాడు, ఇటు చూడడు. నా తరఫున ఒక్క మాట అడగమని ఆమె కాళ్లావేళ్లా పడ్డాను. ఆ పొద్దు ప్లైవుడ్ అవతల ఆయన వాడితో ఏం చెప్పాడు? వారం తర్వాత మస్కట్ నుంచి ఫోన్ వచ్చిందని దుకాణానికి వచ్చి, నిలబడే చెప్పింది.

"‘అన్న ఊళ్లె నీళ్లొడిసినయ్’ అన్నడట. గంతేనట. ఇంకేం అనలేదట."

అంతే. వాడికి నా ఊళ్లో నీళ్లు అయిపోయాయని చెప్పాడు. నాకు వాడి బండ్లు వస్తున్నాయని చెప్పాడు. రెండూ నిజాలే. ఒకే నిజాన్ని రెండు ముక్కలు చేసి చెరొకటి ఇచ్చి, మధ్యలో నిలబడి చూశాడు. బండ్లలో ఏముందో ఆయనకు తెలుసు, నాకు చెప్పలేదు. దానికి ఆయనను నేను క్షమించను, చచ్చిపోయినా సరే. కానీ తన ముక్క విని దేవదానం బండ్లు కట్టాడు. నా ముక్క విని నేను ఫిరంగి తిప్పాను. అది చేయమని మా ఇద్దరికీ ఆయన చెప్పలేదు.

నీతి నేర్పిన గురువన్న ఫ్లెక్సీ మీది మూడో మాట కూడా అబద్ధమని మొదట ఈ కాగితంలో రాశాను. మార్తక్క వెళ్లిపోయాక కొట్టేశాను. నిజమని రాయడానికి చెయ్యి రాలేదు. ఆ చోటు ఖాళీగానే ఉంచుతున్నాను.

చివరిగా దేవదానానికి, పన్నెండు బండ్ల నీళ్లకు.